స్వీటీ జిరాక్స్ పాఠకులు

నన్ను యంత్రం అన్నారు. ముఖం మీద కూడా కాదు, కాగితం మీద, ఇంగ్లీషులో. ఆ కాగితాన్ని నా షాపులో, నా ప్రింటర్ మీద, నా చేతులతోనే ప్రింట్ తీయించబోయారు. ఒళ్లు మండదా మరి?

యాకుత్‌పురా స్టేషన్ దాటి గల్లీలోకి తిరగ్గానే మూడో షట్టర్ నాది. స్వీటీ జిరాక్స్ అండ్ ఆన్‌లైన్. స్వీటీ నా బిడ్డ. ఇంటర్‌కొచ్చింది, బోర్డు మీద తన పేరు తీసేయమని రోజూ పోరుతోంది. పదకొండేళ్లుగా ఈ చుట్టుపక్కల ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు, పెళ్లి బయోడేటాలు, హాల్‌టికెట్లు, ఆస్పత్రి రిపోర్టులు అన్నీ నా చేతుల మీదుగానే పోతున్నాయి. ఎవరి అసలు వయసెంతో, ఎవరి షుగర్ ఎంతో నాకు తెలుసు. తెలిసినా తెలియనట్టే ఉంటాను. అది నా పద్ధతి.

ఆ పద్ధతి ఊరికే రాలేదు. షాపు పెట్టిన కొత్తలో ఒకామె రక్త పరీక్ష రిపోర్టు ప్రింట్ తీసి, ఫైలును తెర మీదే వదిలేశాను. తర్వాత వచ్చిన గిరాకీ తన ఫైలు వెతుక్కుంటూ దాన్ని తెరిచాడు. సాయంత్రానికల్లా గల్లీ మొత్తానికి తెలిసిపోయింది. నెల తిరక్కుండా ఆమె ఇల్లు ఖాళీ చేసి పోయింది. పోయేటప్పుడు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆనాటి నుంచి ఎవరి కాగితమైనా సరే, ప్రింట్ రాగానే వాళ్ల కళ్ల ముందే ఫైలు తీసేస్తాను. "చూడుండ్రి, తీసేసిన" అని పైకి చెబుతాను. అదే కాగితం పది నిమిషాల తర్వాత ఇంకొకరు అడిగినా మళ్లీ మొదటి నుంచి ఇంటర్నెట్‌లోంచి దింపుకోవాల్సిందే. ఉట్టి చాదస్తం అని మా ఆయన సణుగుతాడు. సణగనీ.

ఆఫ్షీన్ మా గల్లీ పిల్లే. కుట్టుమిషన్లు రిపేరు చేసే వహీద్ భాయ్ రెండో కూతురు. పదో తరగతి హాల్‌టికెట్ నుంచి పీహెచ్‌డీ దరఖాస్తు దాకా నా దగ్గరే ప్రింట్ తీసుకుంది. ఇప్పుడు నగరానికి ఆ చివరున్న ఒక పరిశోధన సంస్థలో చేస్తోంది. కంప్యూటర్‌తో జీవశాస్త్రం అట. "కప్పలను కోస్తవా?" అని అడిగాను మొదట్లో. "కప్ప లేదు, కత్తి లేదు అక్కా, అంతా కంప్యూటర్‌లనే" అని నవ్వింది.

తలసీమియా ఉన్న పిల్లలకు బతికినంతకాలం రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. వాళ్లలో కొందరికి ఒక మాత్ర పనిచేస్తే ఆ అవసరం తగ్గుతుంది. ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పడం కష్టం. ఆఫ్షీన్ నూట పన్నెండు మంది పిల్లల జన్యువులను కంప్యూటర్‌లో పోల్చి చూసి, ఎవరెవరికి ఆ అవకాశం ఉందో అంచనా కట్టే పద్ధతి తయారుచేసింది. జనవరిలో ఆ వ్యాసం అచ్చయింది. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. అందులో పిల్లల పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి; ఒక్కో నంబరుకు ఒక వరుస, ఆ బిడ్డకు మాత్ర పనిచేసే అవకాశం ఎంతో అందులో ఉంటుంది. ఏ నంబరు తమదో ఆ తల్లిదండ్రులకు మాత్రమే తెలుసు. చివర తెలుగులో, ఉర్దూలో రెండేసి పేజీల సారాంశం కూడా ఉంది. అది పెట్టించడానికి ఆఫ్షీన్ ఆ పత్రిక వాళ్లతో మూడు నెలలు కొట్లాడింది.

రక్తం ఎక్కించే కేంద్రం సంతోష్‌నగర్ వైపు ఉంది. పదిహేను రోజులకోసారి, బుధవారం, అక్కడి నుంచి తల్లులు, తండ్రులు పిల్లలను చంకనేసుకుని నేరుగా నా షాపుకొస్తారు. "ఆఫ్షీన్ మేడం కాగితం ఇయ్యక్కా" అంటారు. కొత్త డాక్టరుకు చూపించడానికి ఒకరికి, ఊళ్లో అత్తగారికి చూపించడానికి ఒకరికి, వానకు తడిసి పాడైందని ఇంకొకరికి. లామినేషన్ చేయించుకుని ఆధార్ కార్డు పక్కన దాచుకుంటారు. "ఠప్పా ఏదక్కా?" అని అడగనివాళ్లు లేరు. ఠప్పా, అదే ఆఫీసు ముద్ర, లేని కాగితం మన దగ్గర ఏ ఆఫీసులో చెల్లింది గనుక! వద్దని ఎంత చెప్పినా వినకుండా, రైల్వేలో పనిచేసే ఒకాయన తన కాగితాన్ని గెజిటెడ్ ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్లి ఆకుపచ్చ సిరాతో అటెస్టేషన్ చేయించుకొచ్చాడు. తన కొడుకు నంబరున్న వరుస పక్కనే ఠప్పా పడేలా చూసుకున్నాడు కూడా. ఆయన పేరు మీకు కూడా చెప్పను.

ఆగస్టులో ఒక సోమవారం మధ్యాహ్నం ఆఫ్షీన్ వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది.

"అక్కా, మెయిల్ పంపిన. ఒక్క కాపీ" అంది.

గిరాకీల కాగితాలు నేను చదవను. కానీ కళ్లు మూసుకుని ప్రింట్ ఇవ్వలేను కదా. నాది ఫారాలు నింపే ఇంగ్లీషే అయినా, తెర మీది ఆ నాలుగు వాక్యాలు అర్థమయ్యాయి. 'నా వ్యాసానికి నమోదైన 431 డౌన్‌లోడ్లు యాకుత్‌పురాలోని ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి యంత్రం ద్వారా జరిగాయి. వీటి వెనుక నిజమైన పాఠకులు లేరు. ఇందుకు చింతిస్తున్నాను.' కింద సంతకానికి చోటు వదిలారు.

"యంత్రం ఎవరే?" అన్నాను.

ఆఫ్షీన్ తల వంచుకుంది. "నువ్వే అక్కా."

స్టూలు లాగి కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పింది. వాళ్ల సంస్థలో ఒక విభాగం ఉందట. ఎవరి పరిశోధనను ఎంతమంది తెరిచారు, ఎంతమంది దింపుకున్నారు, ఎవరెవరు సోషల్ మీడియాలో పంచుకున్నారు, పేపర్లలో ఎక్కడ రాశారు, అంతా కలిపి ఒక స్కోరు వేస్తారు. ఆ స్కోరులో ముందున్నవాళ్లకు పరిశోధనకు ఇంకో ఏడాది గడువు దొరుకుతుంది. ఆఫ్షీన్ వ్యాసాన్ని సోషల్ మీడియాలో పంచుకున్నది ఏడుగురు. పేపర్లలో ఒక్క ముక్క రాలేదు. దింపుకున్నవాళ్లు మాత్రం సంస్థ మొత్తంలో ఆమెకే ఎక్కువ. ఇదేంటని తవ్వితే, అందులో 431 ఒక్క చోటు నుంచే కనిపించాయి. అందుకే వాళ్లే ఈ ఉత్తరం రాసిచ్చి, సంతకం పెట్టమన్నారు.

"సంతకం పెడితే ఏమైతది?"

"వార్నింగ్ ఇచ్చి ఇడిసిపెడ్తరు."

"పెట్టకుంటే?"

"ఎంక్వైరీ. అది తేలేదాక పీహెచ్‌డీ ఆగిపోతది. చీటింగ్ చేసిందని తేలిస్తే ఇగ నాకు ఎక్కడా సీటు దొరకదు అక్కా."

"నా షాపు సంగతి చెప్పలేదా?"

"చెప్పిన. చదివినోళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఒక ఇరవై ఇయ్యమన్నరు. ఎట్లిస్త? ఎవ్వరికీ చెప్పనని మాటిచ్చి రక్తం తీసుకున్న. ఛోడో అక్కా, ఇడిసిపెట్టు. ఒక్క సంతకమే కదా."

ఆమె ఎందుకు ఇవ్వలేదో నాకు వేరే చెప్పక్కర్లేదు. రక్తంలో తేడా అని తెలిస్తే ఆ పిల్లల పక్కన తమ పిల్లలను కూర్చోనివ్వని ఇళ్లున్నాయి. అంటుకునే జబ్బు కాదు మొర్రో అన్నా వినరు. మిగతా పిల్లలకు సంబంధాలు తప్పిపోతాయి. పేర్లు ఇవ్వకపోవడం సరే, కానీ ఈ ఉత్తరమేమిటి? నాకు కోపం ఎక్కడ మొదలైందో తెలియదు, మాట మాత్రం ఆగలేదు.

"ఒక్క సంతకమా? గంత మంది లేనే లేరని రాసిస్తవా? కొడుకు నంబరు పక్కన ఠప్పా కొట్టించుకున్నాయన లేడా? నువ్వు మూడు నెలలు లొల్లి పెట్టుకొని తెలుగుల, ఉర్దుల రాయించింది ఎవరి కోసం? యంత్రం కోసమా?"

ప్రింట్ బటన్ నొక్కలేదు. ఆ ఉత్తరాన్ని కంప్యూటర్‌లోంచి తీసేశాను. పదకొండేళ్లలో ఒక గిరాకీకి కాగితం ఇవ్వనన్నది అదే మొదటిసారి.

"చూడు, తీసేసిన" అన్నాను.

"వాళ్ల దగ్గర ఉంటది కదా అక్కా. రేపు పదకొండింటికి మీటింగ్. వాళ్లే ప్రింట్ తీస్తరు."

"తియ్యనీ. నేనొస్త."

మర్నాడు షట్టర్ పూర్తిగా దించి తాళం వేశాను. పెళ్లిళ్లకు కట్టుకునే చీర కట్టుకున్నాను. లోకల్ ట్రైన్‌లో, ఆ తర్వాత బస్సులో ఇద్దరం వాళ్ల సంస్థకు పోయాం. ఏసీ గదిలో పొడవాటి బల్ల. ఈ సంగతి తేల్చే కమిటీ పెద్ద శ్రవణ్‌కుమార్ గారు మధ్యలో కూర్చున్నారు. ఆయన పక్కన కంప్యూటర్ ముందు సామ్యూల్ అనే కుర్రాడు. స్కోర్లు లెక్కగట్టేది, నన్ను యంత్రమని తేల్చింది అతనే. బల్ల మీద ఆ ఉత్తరం, దాని మీద పెన్ను సిద్ధంగా పెట్టి ఉన్నాయి.

"ఈమె ఎవరమ్మా?" అని శ్రవణ్‌కుమార్ గారు ఆఫ్షీన్‌ను అడిగారు.

"యంత్రం సార్" అన్నాను నేనే.

సామ్యూల్ నవ్వు ఆపుకోవడానికి తల పక్కకు తిప్పుకున్నాడు. శ్రవణ్‌కుమార్ గారు మాత్రం నవ్వలేదు. మర్యాదస్తుడు, కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నా పేరు సక్కుబాయి అని చెప్పాక, నా షాపు సంగతి, ఫైళ్లు తీసేసే సంగతి ఓపికగా విన్నారు. ఆ ఓపిక చూస్తే నాకు ఇంకా మండింది.

"ఎవరెవరు వచ్చారో రిజిస్టరు ఏమైనా ఉందా?"

"లేదు సార్."

"సీసీ కెమెరా?"

"కెమెరా పెడితే నా దగ్గరికి ఆ కాగితాలు పట్టుకొని ఎవ్వరు రారు."

"అయితే పేర్లు చెప్పండి సక్కుబాయి గారూ. ఇరవై చాలు. మా దగ్గరే ఉంటాయి, బయటికి పోవు."

"పదకొండేండ్ల కింద నేను గూడ గట్లనే అనుకున్న సార్. నా దగ్గరనే ఉంటది, యాడికి పోతది అనుకున్న. ఒక ఇల్లు ఖాళీ అయింది. పేర్లు చెప్ప."

"రికార్డు లేదంటారు, పేర్లు చెప్పనంటారు. మరి మేము దేన్ని చూసి నమ్మాలి?"

పక్కన ఆఫ్షీన్ వేళ్లు నలుపుకుంటోంది. ఈ పిల్ల బతుకు నా చాదస్తం వల్లే పాడైపోతోంది కదా అనిపించింది. ఒక్క ఫైలు దాచుకుని ఉంటే ఈ 431 ఒకటే అయ్యేది, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఏం చేయాలో తోచక తలెత్తితే ఎదురుగా గోడ మీద నీలం గీతలు కనిపించాయి. పొట్టివి, పొడుగువి, మధ్య మధ్య ఖాళీలు. ఎక్కడో చూసినట్టు అనిపించింది.

"గా గోడ మీదిది ఏంది బాబూ?"

"మీ దగ్గర్నుంచి వచ్చిన డౌన్‌లోడ్లు అక్కా" అన్నాడు సామ్యూల్. "ఒక్కో గీత ఒక్కో దినం. ఎంత పొడుగుంటే అన్ని."

లేచి గోడ దగ్గరికి పోయాను. కాసేపు చూసేసరికి తెలిసిపోయింది. అది నా ఎనిమిది నెలలు. రిజిస్టరు రాయలేదని ఇంతసేపూ అనుకున్నాను. వీళ్లే రాసిపెట్టారు.

"గీ పొడుగు గీతలు పదిహేను రోజులకొకటి ఉన్నయి. అన్ని బుధవారాలేనా చూడు."

సామ్యూల్ చూశాడు. "అన్నీ బుధవారాలే సార్."

"రక్తం ఎక్కించే దినం. అక్కడి నుంచి సీదా నా దగ్గరికొస్తరు. గిప్పుడు శుక్రవారాలు గంటల లెక్కన చూపెట్టు. ఒంటి గంట నుంచి రెండున్నర దాక ఒక్కటి గూడ ఉండొద్దు."

అతను ఏవో మీటలు నొక్కాడు. గీతలు మారాయి. "లేవు" అన్నాడు మెల్లగా.

"నమాజుకు గల్లీ అంత పోతది. సగం షట్టర్ దించి నేను అన్నం తింట. మీ యంత్రం అన్నం తింటదా సార్?"

శ్రవణ్‌కుమార్ గారు కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగారు. నేను ఆగలేదు. రంజాన్ నెలలో పొద్దుగూకే వేళకు, ఉపవాసం విడిచే సమయానికి, గీతలు ఎందుకు నేలకు పడిపోయాయో చెప్పాను. మళ్లీ రోజుల గీతలు పెట్టించాను. మేలో రెండు రోజులు ఒక్కటి కూడా లేదు, రైల్వే గేటు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. బోనాల ఆదివారం, సోమవారం ఖాళీ, లాల్‌దర్వాజలో నేను బోనమెత్తాను. ఏప్రిల్‌లో వారం రోజులు గీతలు సగానికి సగం తగ్గాయి, స్వీటీకి టైఫాయిడ్ వచ్చి ఒక్క పూటే తెరిచాను. గోడ మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూపిస్తూ పోతుంటే, సామ్యూల్ ఒక్కొక్కటే తేదీ చదువుతూ వచ్చాడు. ఒక్కటి కూడా తప్పలేదు.

"ఇంకోటి ఉన్నది సార్" అన్నాడు సామ్యూల్ తనంతట తానే. "ఎంత రష్ ఉన్న దినమైనా ఒక డౌన్‌లోడ్‌కు, ఇంకో డౌన్‌లోడ్‌కు మధ్య ఆరు నిమిషాలకు తక్కువ లేదు. గిట్లెందుకో నాకు ముందే అర్థం కాలే."

"చదివి చెప్తగద బాబూ. వాళ్ల నంబరున్న వరుస మీద వేలు పెట్టి చదువుత. మళ్ల చదువుమంటరు. మళ్ల చదువుత. అప్పుడు తీసేస్త."

శ్రవణ్‌కుమార్ గారు లేచొచ్చి గోడ దగ్గర నా పక్కన నిలబడ్డారు. జూన్ నెలలో ఒక ఖాళీ మధ్య ఒంటరిగా ఉన్న చిన్న గీత మీద ఆయన చూపు ఆగింది.

"ఇది మంగళవారం. రోజంతటికీ ఒక్కటే ఉంది. ఇదేమిటి?"

"అది చెప్ప సార్" అన్నాను.

నా ముఖం చూసి ఆయన మళ్లీ అడగలేదు. మీకు మాత్రం ఇంతవరకు చెబుతాను. ఆ రోజు రైల్వే ఆయన ఒక్కడే వచ్చాడు, చంకన బిడ్డ లేడు. ఇంకో కాపీ కావాలన్నాడు. ఠప్పా కొట్టించినది ఏమైందని నోరు జారి అడిగాను. "అది బాబు జేబుల పెట్టి పంపినం అక్కా" అన్నాడు. ఎప్పటిలాగే ఆ వరుస చదివి వినిపించమన్నాడు. చదివాను. మిగతా రోజంతా షాపు తెరిచే ఉంది కానీ నేను ఏ పనీ చేయలేదు.

శ్రవణ్‌కుమార్ గారు తన కుర్చీలోకి వెళ్లి కూర్చున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"యంత్రం అన్న మాట కొట్టేద్దాం" అన్నారు. "కానీ కాగితం మీద రుజువు లేదు కదమ్మా. 'నిర్ధారించలేని పాఠకులు' అని మార్చి రాద్దాం. సంతకం పెట్టండి ఆఫ్షీన్, ఇంతటితో అయిపోతుంది."

మంచి మాటే. ఎవరైనా పెట్టేస్తారు. ఆఫ్షీన్ పెన్ను తీసుకుంది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను, చూడలేక. ఉత్తరాన్ని తిరగేసిన చప్పుడు వినిపించింది. వెనక వైపు ఖాళీ కాగితం మీద ఏదో రాస్తోంది. రాసి, సంతకం పెట్టి, ఆయన ముందుకు జరిపింది.

"'ఈ 431 వెనకా ఉన్నది మనుషులే. వాళ్లెవరో నాకు తెలుసు, చెప్పను' అని రాసిన సార్. ఎంక్వైరీ పెట్టుకోండి. పీహెచ్‌డీ ఆపుకోండి. చదివినోళ్లను లేరని నేను రాయ."

మా గల్లీ పిల్ల. నా దగ్గర హాల్‌టికెట్ ప్రింట్ తీసుకున్న పిల్ల. గర్వంతో నాకు ఏడుపొచ్చింది, ఏసీ గది కాబట్టి జలుబు చేసినట్టు నటించాను.

"సార్" అన్నాడు సామ్యూల్. "యంత్రం అని రిపోర్ట్ ఇచ్చింది నేను. తప్పు రాసిన. వాపస్ తీసుకుంటున్న."

రిపోర్టే లేకపోతే ఎంక్వైరీ దేని మీద? శ్రవణ్‌కుమార్ గారు ఆఫ్షీన్ రాసిన కాగితాన్ని ఫైలులో పెట్టించారు. కానీ రూలు రూలేనన్నారు. ఒక చిరునామా అంటే ఒక పాఠకుడు. స్కోరు పడిపోతుంది, ఇంకో ఏడాది గడువు రాదు, డిసెంబర్‌లోపు పరిశోధన ముగించి రాసివ్వాలి.

"రాసిస్త సార్" అంది ఆఫ్షీన్.

మేము తలుపు దాకా వచ్చాక ఆయన వెనక నుంచి అన్నారు. "సక్కుబాయి గారూ, ఇకనైనా ఆ ఒక్క ఫైలు దాచుకోండి. మీకూ పని తగ్గుతుంది."

"పని తగ్గాలని షాపు పెట్టలే సార్" అన్నాను.

మర్నాడు బుధవారం, రక్తం ఎక్కించే బుధవారం. పదకొండు గంటలకల్లా షాపు ముందు వరుస కట్టారు. మొదట ఉప్పుగూడ నుంచి వచ్చిన ఒకామె. ఆమె చంకలో నిద్రపోతున్న పాప చేతికి ఇంకా దూది పట్టీ అంటించే ఉంది. ఆఫ్షీన్ వాళ్ల సంస్థ వెబ్‌సైట్‌లో వ్యాసం ఉన్న పేజీ తెరిచాను. ఎక్కడెక్కడ ఎంతమంది చదివారో అందులో ఒక పక్కన రాసి ఉంటుంది. యాకుత్‌పురా ఎదురుగా మొన్నటిదాకా 431 ఉండేది. ఇప్పుడు 1 ఉంది.

ఆమె ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "అక్కా, యాకుత్‌పురాల ఒక్కరే చదివిన్రా? ఎవరామె?"

"నువ్వే" అన్నాను. "కూసో, మీ నంబరు చెప్పు."

ఆమె నా చెవిలో చెప్పింది. ఆ వరుస మీద వేలు పెట్టి చదివాను. మళ్లీ చదవమంది, మళ్లీ చదివాను. ప్రింట్ చేతికిచ్చి, ఆమె చూస్తుండగా ఫైలు తీసేశాను.

"చూడు, తీసేసిన."

బయట ఇంకా పదిహేడు మంది ఉన్నారు.